మిర్చి యార్డులో విదేశాంగం

గుంటూరు మిర్చి యార్డులో టిక్కీల (మిర్చి బస్తాల) మధ్య బాబాయితో నిలబడ్డాను. ఘాటుకి ఒకటే తుమ్ములు. అక్కడ అందరి నోటా ఒకటే మాట: చైనా వాళ్లు కొంటున్నారా, బంగ్లాదేశ్ ఆర్డర్లు వచ్చాయా? 2024 ఆగస్టులో ఢాకాలో ప్రభుత్వం పడిపోయినప్పుడు టెన్షన్ ఇక్కడిదాకా వచ్చిందట.

"మరి మన ఎంపీలేం చేస్తార్రా?" అన్నాడు బాబాయి.

నిజానికి విదేశీ వ్యవహారాల్లో వాళ్ల చేతిలో ఉన్నది తక్కువే. అమెరికాలో అంతర్జాతీయ సంధికి సెనేట్‌లో మూడింట రెండు వంతుల మద్దతు కావాలి. మన దగ్గర కేంద్రమే సంతకం పెట్టేస్తుంది. అమలుకు చట్టం అవసరమైతేనే రాజ్యాంగంలోని 253వ అధికరణ కింద పార్లమెంటు మెట్లెక్కుతుంది. ఎంపీలు ప్రశ్నోత్తరాల్లో అడగొచ్చు, విదేశాంగ స్థాయీ సంఘంలో, అంటే ఆ శాఖ పనిని చూసే ఎంపీల కమిటీలో, నిలదీయొచ్చు. అడిగితే కదా!

"ఈసారి ఓట్లకి రానీ, రోడ్డు సంగతి తర్వాత, ముందు బంగ్లాదేశ్ సంగతే అడుగుతా" అన్నాడు బాబాయి.