మూడు గ్లాసుల పాలు, రెండు ముద్దల అన్నం

మా వాడికి వచ్చే నెలకి నాలుగేళ్ళు నిండుతాయి. ఆర్నెల్ల కిందటి వరకు మా ఇంట్లో రోజూ ఒకటే బెంగ, వీడు ఏమీ తినడం లేదని. విశాఖ ఎంవీపీ కాలనీలో మాది మూడో అంతస్తు, పప్పన్నం గిన్నె పట్టుకుని మేడ మీదకి, అక్కడి నుంచి కిందికి, పక్క సందులో కుక్కపిల్లల దగ్గరికి, ఇలా గంటసేపు తిరిగితే అరగిన్నె అయ్యేది. చివరికి ఫోన్ చేతికిస్తే నోరు తెరిచేవాడు, తనేం తింటున్నాడో కూడా చూసుకోకుండా.

ఊరికే నీరసపడిపోతున్నాడని పిల్లల డాక్టరుకి చూపిస్తే ఆవిడ కంటి కింది రెప్ప లాగి చూసి రక్తపరీక్ష రాశారు. హిమోగ్లోబిన్ 9.4. ఈ వయసుకి 11 కంటే తగ్గకూడదు. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఆవిడ మాత్రం వాడేం తింటాడని కాదు, ముందు ఏం తాగుతాడని అడిగారు. లేవగానే ఒక గ్లాసు పాలు, ప్లేస్కూల్ నుంచి రాగానే ఒకటి, మధ్యాహ్నం నిద్ర లేచాక ఒకటి, రాత్రి అన్నం తినలేదని జాలిపడి పైన ఒక సీసా. అన్నిట్లోనూ పంచదారో చాక్లెట్ పొడో ఉండాల్సిందే. మొత్తం ముప్పావు లీటరు పైనే.

"మరి వాడికి ఆకలేసే తీరిక ఎక్కడుందమ్మా?" అన్నారావిడ.

పాలు మంచివే. కానీ రక్తం పట్టడానికి కావాల్సిన ఇనుము వాటిలో దాదాపు ఉండదు, పైగా పాలలోని కాల్షియం మిగతా తిండిలోని ఇనుమును కూడా ఒంటికి సరిగ్గా పట్టనివ్వదు. రోజు మొత్తం మీద అర లీటరు దాటనివ్వొద్దన్నారు. ఇంకో సంగతి కూడా ఆవిడే చెప్పారు, మొదటి ఏడాదిలో మూడింతలైన బరువు రెండేళ్ళు దాటాక ఏడాదికి సుమారు రెండు కిలోలే పెరుగుతుంది కాబట్టి ఆకలి కాస్త తగ్గడం సహజమేనట. ఈ మాట రెండేళ్ళ ముందే ఎవరైనా చెప్పి ఉంటే నేనంత టెన్షన్ పడేదాన్ని కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఆరు నెలలు దాటిన ఐదేళ్ళలోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉంది. అందరికీ కారణం పాలే అనను, కానీ మా ఇంట్లో అదే.

చాక్లెట్ పొడి ఆరోజే మానేశాం. అసలు 'హెల్త్ డ్రింక్' అనే మాటకి మన ఆహార భద్రతా చట్టంలో నిర్వచనమే లేదని, ఆన్‌లైన్‌లో ఇలాంటి డబ్బాలని ఆ పేరు కింద పెట్టొద్దని 2024 ఏప్రిల్‌లో కేంద్రం చెప్పింది.

పాలు తగ్గిస్తున్నామంటే మా అత్తయ్యగారు చాలా బాధపడ్డారు. ఆవిడది శ్రీకాకుళం వైపు. "పాలు మాన్పించేస్తే గుంటడికి బలం ఎలాగొస్తాది?" అన్నారు. ఆవిణ్ణి తప్పుపట్టలేను, ప్రేమంతా ఆ గ్లాసులోనే ఉంది. తర్వాత ఆవిడే ఊరి నుంచి చోళ్ళు (రాగులు) తెప్పించి, పిండి పట్టించి, బెల్లం వేసి జావ కాయడం మొదలుపెట్టారు. వంద గ్రాముల చోళ్ళలో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది కదా, పాలు తగ్గాయన్న దిగులు ఆవిడకీ పోయింది. ఐరన్ సిరప్ పాలతో కలవకుండా విడిగా ఇచ్చేవాళ్ళం (మోషన్ నల్లగా వస్తే భయపడకండి, అది మందు వల్లే). రోజూ గుడ్డు, తోటకూర పప్పులో చివర పిండిన నిమ్మకాయ, ఆదివారం ముల్లు తీసిన వంజరం చేప ముక్క. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సముద్రంలో చేపల వేట నిషేధం కాబట్టి ఆ రెండు నెలలూ గుడ్డుతోనే సరిపెట్టాం.

తిప్పుతూ తినిపించడం మానడమే అన్నిటికన్నా కష్టమైంది. మాతోపాటే కింద కూర్చోబెట్టి, ఏం పెట్టాలో మేం చూసుకుని, ఎంత తినాలో వాడికి వదిలేశాం. అరగంటకి పళ్ళెం తీసేయడం, మళ్ళీ తిండివేళ వరకు మంచినీళ్ళు తప్ప ఏమీ ఇవ్వకపోవడం. మొదటి నాలుగు రోజులు రెండు ముద్దలకి మించి తినలేదు, వంటింట్లోకెళ్ళి ఏడ్చాను. ఐదో రోజు స్కూల్ నుంచి వస్తూనే చెప్పులు విప్పకుండా "అమ్మా, అన్నం" అన్నాడు. బీరకాయ ఎన్నిసార్లు పక్కకి తోసేశాడో, అయినా మాట్లాడకుండా చిన్న ముక్క పెడుతూనే ఉన్నాను. కొత్త రుచి పిల్లలకి పడాలంటే పది పదిహేనుసార్లు కనబడాలి.

ఆర్కే బీచ్‌కి వెళ్ళినప్పుడు మురీ మిక్చర్ (మరమరాల మిక్చర్) అడుగుతాడు, వేరుశెనగ గుళ్ళు ఏరేసి ఇస్తాం. ఐదేళ్ళలోపు పిల్లలకి గుళ్ళు, గుండ్రంగా ఉన్న ద్రాక్షపళ్ళు అలాగే ఇవ్వకండి, గొంతుకి అడ్డం పడితే ప్రాణం మీదకి వస్తుంది. ద్రాక్ష నిలువుగా చీల్చి ఇవ్వండి.

మూడు నెలలకి హిమోగ్లోబిన్ 11.2 వచ్చింది. వంకాయ ఇంకా ముట్టడు. నిన్న రాత్రి మాత్రం పప్పుచారులో ములక్కాడ ముక్క తనే తీసుకుని, వాళ్ళ తాతయ్యని చూస్తూ అచ్చం ఆయనలాగే నమిలి, పిప్పి పళ్ళెం అంచున పెట్టాడు.