కొండగొర్రెల తొట్టి: మట్టం తప్పితే నీళ్లు దక్కవు

రాయలసీమ కొండల్లో రాతిగుంటలో నిలిచే వాననీటిని దొన అంటాం. కాలిఫోర్నియాలోని మొహావే ఎడారి కొండల్లో దానికి తినాహా అని పేరు. అక్కడి బిగ్‌హార్న్ కొండగొర్రెలకు వేసవంతా ఆ దొనలూ, ఒకటీ అరా ఊటలే ఆధారం. వానలు లేకపోతే అవీ ఎండుతాయి. పెద్ద రోడ్లు అడ్డం పడ్డాక గొర్రెలు నీళ్లకోసం పక్క కొండకు పోయే దారులూ తెగాయి. అందుకే స్వచ్ఛంద కార్యకర్తలు రాష్ట్ర వన్యప్రాణి శాఖతో కలిసి వాననీటి తొట్లు కట్టి చూసుకుంటున్నారు. వీటిని గజ్లర్లు అంటారు. వాననీరు ట్యాంకులో నిలుస్తుంది, గొర్రెలు దాని పక్కనున్న తొట్టిలో తాగుతాయి.

ముందు లెక్క. చదరపు మీటరు మీద 1 మి.మీ. వాన కురిస్తే 1 లీటరు. 100 చదరపు మీటర్ల రాతిచట్టు మీద 25 మి.మీ. పడితే 2,500 లీటర్లు. రాయి పీల్చేది, చిమ్మి పోయేది తీసేసి 2,000 అనుకోవడం మేలు. వేసవిలో గొర్రెకు రోజుకు 4 లీటర్ల చొప్పున వేసుకుంటే పది గొర్రెలకు 120 రోజులకు 4,800 లీటర్లు కావాలి. ఇంతవరకూ బాగానే ఉంది. అసలు దొంగ ఎండ. ఆ ఎడారిలో తెరిచి ఉన్న నీరు ఏడాదికి సుమారు 2 మీటర్ల లోతు ఆవిరవుతుంది. ఒక్క చదరపు మీటరు నీరు ఎండకు విడిచిపెడితే 2,000 లీటర్లు, అంటే ఒక మంచి వాన, పోయినట్టే. ట్యాంకుకు మూత, తాగే తొట్టికి నీడ తప్పవు.

తొట్టిలో ఫ్లోట్ వాల్వు, అంటే నీటిమట్టాన్ని బట్టి తెరుచుకుని మూసుకునే బిరడా, పెట్టొద్దని నా గట్టి అభిప్రాయం. ఇసుక రేణువు ఇరుక్కుంటే అది మూసుకోదు, ట్యాంకు మొత్తం కారిపోతుంది. మనిషి నెలలతరబడి రాని చోట కదిలే భాగం ఉండకూడదు. ట్యాంకునూ తొట్టినీ అడుగున పైపుతో కలిపితే చాలు, నీరే మట్టం చూసుకుంటుంది. అయితే తొట్టి అంచు, ట్యాంకు పొంగే మట్టానికి కాస్త పైనే ఉండాలి. 10 సెం.మీ. కిందికి ఉందంటే ట్యాంకులో పై 10 సెం.మీ. ఎప్పటికీ నిలవదు. తొట్టి అడుగు కూడా ట్యాంకు అడుగు దాకా దిగాలి. లేకపోతే కింది నీరు ఉండీ గొర్రెకు అందదు. అందుకే తొట్టిలోకి గరుకు వాలు కడతారు. నీరు తగ్గేకొద్దీ గొర్రె ఒక్కో అడుగు దిగి తాగుతుంది, జారిపడిన తాబేలూ పిట్టా అదే వాలున ఎక్కి వస్తాయి.

ఆ వాలు నుంచి ట్యాంకులోకి జంతువు దూరే సందు మాత్రం ఉండకూడదు. 1995లో మొహావేలోని ఓల్డ్ డాడ్ పీక్ అనే కొండ దగ్గర గొర్రెపిల్లలు ట్యాంకులో పడి మునిగిపోయాయి. ఆ నీరు తాగి పదులకొద్దీ గొర్రెలు చచ్చాయి. కుళ్లిన కళేబరాల్లో పుట్టిన బోట్యులిజం విషమే కారణమని పరిశోధకులు భావించారు. ఒక్క సందు ఎంత పని చేస్తుందో ఇది చూశాక మూతల బోల్టులు ఒక్కొక్కటీ చేత్తో తిప్పి చూడాలనిపిస్తుంది.

ఎక్కువగా చెడేది వాగు నీటిని ఆపి పైపుతో ట్యాంకుకు పంపే చిన్న చెక్‌డ్యామ్ దగ్గర. తొలి వరదకే గులకరాయీ ఇసుకా మేట వేసి పైపు నోరు పూడుకుపోతుంది. వాన వచ్చినా ట్యాంకు ఖాళీగా ఉంటే ముందు అక్కడే తవ్వి చూడండి. మేటను పారతో తీసి దిగువకు పోయాలి, ఎగువన కుప్ప పోస్తే మళ్లీ అదే దిగి వస్తుంది.

బరువు పనులు అక్టోబరు, నవంబరుల్లో పెట్టుకోవాలి. ఈనిక ఎక్కువగా జనవరి నుంచి ఏప్రిల్ దాకా. నడి వేసవిలో మనిషి అక్కడ కూర్చుంటే గొర్రె దప్పికతో కొండమీదే ఉండిపోతుంది. 1994 నాటి కాలిఫోర్నియా ఎడారి సంరక్షణ చట్టం వల్ల చాలా కొండల్లోకి వాహనం పోకూడదు. పారలు, పైపు ముక్కలు, ఫైబర్‌గ్లాస్ అతుకు సామాను భుజాన మోయాల్సిందే. సామాను మోయడానికి మేకల్ని మాత్రం తేవద్దు. 2013లో అదే ఓల్డ్ డాడ్ పీక్ గొర్రెలకు న్యుమోనియా సోకింది. అలాంటి జబ్బు క్రిములు పెంపుడు మేకల్లో, గొర్రెల్లో ఉంటాయి.

చివరగా, ట్యాంకులోకి గుర్తులు గీసిన కర్ర దించి, తడిసిన మేర కొలిచి, తేదీతో రాసుకుని మూత బిగించండి.