ఏప్రిల్ పని లెక్క: హర్డు బూటు, పోయిన కొటేషన్లు

ఈ నెల హర్డు కెర్నల్లో, అంటే సిస్టం అడుగున ఉండే అసలు ప్రోగ్రాంలో, ఒక్క లైను కూడా ముట్టుకోలేదు. పనంతా దాని చుట్టూ ఉండే స్క్రిప్టుల్లోనే గడిచింది. మార్చి చివరికి 32 బిట్ హర్డు నా డెస్క్‌టాపు మీద లాగిన్ దాకా వచ్చింది. అదే స్క్రిప్టుతో 64 బిట్ ఇమేజీ (డిస్కు మొత్తం ఒకే ఫైలుగా) కూడా తీయాలన్నది ఏప్రిల్‌కు పెట్టుకున్న పని. తీశాను. కాకపోతే మధ్యలో మూడు రాత్రులు ఒక కొటేషన్ గుర్తుకు సమర్పించుకున్నాను.

కొత్తగా చదివేవాళ్ల కోసం రెండు ముక్కలు. హర్డు అంటే గ్నూ (స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు) వాళ్లు 1990లో, అంటే లినక్సు కన్నా ఏడాది ముందు మొదలుపెట్టిన ఆపరేటింగ్ సిస్టం. కింద గ్నూ మాక్ అనే మైక్రోకెర్నల్, అంటే అతి తక్కువ పనులే తన దగ్గర ఉంచుకునే చిన్న కెర్నల్, ఉంటుంది. మాక్ పుట్టిల్లు కార్నెగీ మెలన్ యూనివర్సిటీ. ఫైల్ సిస్టం, ప్రాసెసుల లెక్క, ఎవరికి ఏ హక్కు ఉందో చూసేది, ఇవన్నీ కెర్నల్ బయట వేర్వేరు సర్వర్లుగా నడుస్తాయి. చెప్పుకోడానికి బాగుంటుంది. బూటు చేసేవాడికే తిప్పలు. డిస్కు చదవాలంటే ఫైల్ సర్వర్ కావాలి, ఆ ఫైల్ సర్వర్ ఉండేది డిస్కు మీద. బీరువా తాళంచెవిని బీరువాలోనే పెట్టి తలుపు వేసినట్టు. అందుకే స్టాటిక్‌గా లింక్ చేసిన (కావాల్సిన లైబ్రరీలన్నీ తనలోనే కలుపుకున్న) ఫైల్ సర్వర్‌ను గ్రబ్ అనే బూట్‌లోడర్ చేత కెర్నల్‌తో పాటే మాడ్యూల్‌గా మెమరీలోకి ఎక్కిస్తారు.

బిల్డు వరుస మారలేదు. బిన్‌యుటిల్స్ (లింకరు వగైరా పనిముట్లు), సీ ఒక్కటే తెలిసిన సగం జీసీసీ (కంపైలరు), గ్నూ మాక్ హెడర్లు, మిగ్ (దీని సంగతి కింద), హర్డు హెడర్లు, జీలిబ్‌సీ (సీ లైబ్రరీ), మళ్లీ పూర్తి జీసీసీ, ఆఖరున హర్డు. జీలిబ్‌సీకి హర్డు హెడర్లు కావాలి, హర్డుకు జీలిబ్‌సీ కావాలి. ఆ ముడి విప్పడానికే ఇన్ని మెట్లు. నా 8 జీబీ మెషీన్లో నాలుగు జాబులతో మొత్తం మూడు గంటల పైనే పడుతుంది.

మిగ్ దగ్గర ఒక సాయంత్రం పోయింది. సర్వర్లు ఒకదానితో ఒకటి మెసేజీల్లో మాట్లాడుకునే కోడును డెఫ్స్ ఫైళ్ల నుంచి తయారుచేసే పనిముట్టు అది. 32కు వేరే మిగ్, 64కు వేరే మిగ్. ఎప్పుడో రెండేళ్ల కింద షెల్ సెట్టింగుల ఫైలు బ్యాష్ ఆర్‌సీలో 32 బిట్ మిగ్ పేరు ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టి మరిచిపోయాను. సైజులు కుదరలేదని కంపైలరే మొరపెట్టుకుంది కాబట్టి బతికిపోయాను. ఇప్పుడు స్క్రిప్టు మొదట్లోనే ఎన్విరాన్‌మెంటంతా ఊడ్చేసి, నాకు కావాల్సిన ఐదారు వేరియబుల్సే పెట్టుకుంటున్నా.

కరెంటు సంగతి. పదో తారీకు సాయంత్రం గాలివాన. మా అనంతపురంలో వాన పడటమే గొప్ప, పడితే ముందు కరెంటు పోతుంది. యూపీఎస్ పది నిమిషాలు లాగి చేతులెత్తేసింది. అప్పటికి జీలిబ్‌సీ సగంలో ఉంది. కరెంటు వచ్చాక మళ్లీ మేక్ (బిల్డు నడిపే కమాండు) కొడితే, అయిపోయిన ఫైళ్లను వదిలేసి ముందుకు పోయింది, లింకు దగ్గర పడిపోయింది. చూస్తే కొన్ని ఆబ్జెక్టు ఫైళ్లు సున్నా బైట్లు. పేరుంది, టైముంది, లోపల ఏమీ లేదు. డేటా డిస్కుకు చేరకముందే కరెంటు పోయింది. మేక్‌కు టైము తప్ప ఇంకేం పట్టదు కదా, తయారైందనుకుంది. మళ్లీ మొదలుపెట్టే ముందు సున్నా సైజు ఆబ్జెక్టు ఫైళ్లన్నిటినీ ఫైండ్‌తో వెతికి చెరిపేసే లైను ఒకటి కలిపాను. ఇమేజీని కూడా ముందు తాత్కాలిక పేరుతో రాసి, మొత్తం అయ్యాకే అసలు పేరుకు మారుస్తున్నా.

ఇమేజీ తయారీలో సూడో (అడ్మిన్ హక్కులు), లూప్ మౌంట్ (ఇమేజీ ఫైలును డిస్కులా తగిలించడం) రెండూ అక్కర్లేకుండా పోయాయి. ఈ నెల నాకు బాగా నచ్చిన మార్పు ఇదే. ఫైల్ సిస్టం తయారుచేసే ఎంకేఈ2ఎఫ్‌ఎస్‌కు డైరెక్టరీ ఇస్తే ఫైళ్లన్నీ తనే నింపుకుంటుంది, ఆఫ్‌సెట్ చెబితే పార్టిషన్ మొదలయ్యే చోటి నుంచే రాస్తుంది. సెక్టారుకు 512 బైట్లు, 2048వ సెక్టారు నుంచి గనక 1048576 బైట్లు. ఓఎస్ పేరు హర్డు అని చెప్పడం మాత్రం మరవకండి, ట్రాన్స్‌లేటర్ల (ఫైలు పేరుకు తగిలించే సర్వర్ల) వివరాలు ఐనోడ్‌లో (ఫైలు వివరాలుండే చోట) దాచుకోడానికి అది కావాలి.

ఇక అసలు కథ.

32 బిట్‌లో డిస్కు డ్రైవర్లు మాక్ లోపలే ఉన్నాయి కాబట్టి రెండు మాడ్యూళ్లతో సరిపోయేది. 64 బిట్‌లో డిస్కు డ్రైవరు కూడా బయటే. నెట్‌బీఎస్‌డీ నుంచి వచ్చిన డ్రైవర్లను రంప్‌డిస్క్ అనే సర్వర్ నడుపుతుంది. దానికి ముందు హార్డ్‌వేర్ వివరాలు చూసే ఏసీపీఐ, పీసీఐ ఆర్బిటర్ సర్వర్లు లేవాలి. మాడ్యూళ్లు ఐదయ్యాయి. రూట్ డిస్కు పేరు రాసే తీరు కూడా మారింది. పైగా 64 బిట్ కెర్నల్‌ను నేరుగా ఇస్తే క్యూఎము (మెషీన్‌లోనే ఇంకో మెషీన్‌లా నటించే ఎమ్యులేటరు) తీసుకోదు, 32 బిట్‌ది ఇవ్వమంటుంది. గ్రబ్ మీదుగా పోవాల్సిందే. చేత్తో రాసిన రెండు కాన్ఫిగ్ ఫైళ్లు ఎందుకని, గ్రబ్ కాన్ఫిగ్‌ను షెల్ స్క్రిప్టులోకి హియర్-డాక్‌గా (స్క్రిప్టు మధ్యలోనే ఫైలు పాఠం రాసే పద్ధతి) మార్చాను. కెర్నల్ పేరు, పార్టిషను వేరియబుల్స్‌లోంచి వస్తాయి. శుభ్రంగా ఉందని మురిసిపోయాను కూడా.

గ్రబ్ మెనూ వచ్చింది. మాక్ తన పేరు చెప్పుకుంది. ఆ తర్వాత రావాల్సిన ‘హర్డ్ సర్వర్ బూట్‌స్ట్రాప్’ అనే వరుస రాలేదు. ఆ వరుసలో ఒక్కో సర్వర్ లేచేకొద్దీ దాని పేరు పక్కన చేరుతుంది. ఎక్కడ ఆగితే అక్కడ రోగం. నాకు అసలు వరుసే లేదు.

మొదటి రాత్రి 64 బిట్ ఫైల్ సర్వర్‌ను అనుమానించి రెండుసార్లు మళ్లీ కట్టాను. రెండో రాత్రి క్యూఎము మెమరీ పెంచాను, వెర్షన్ మార్చాను. ఫ్యాను గోల భరించలేక మా నాయన లేచొచ్చాడు.

“ఏందప్పా ఆ పెట్టె రెయ్యంతా గుయ్యిమంటాంది?”

“బిల్డు అవుతాంది నాయనా.”

“యాడ కడ్తాండావు? ఇంత సేపటికి మేస్త్రీ ఒక గోడ లేపేసుంటాడు.”

మూడో రాత్రి బుద్ధి వచ్చి, బాగా నడిచే 32 బిట్‌నే కొత్త స్క్రిప్టుతో తీసి చూశాను. అదీ లేవలేదు. అప్పుడు గానీ తయారైన కాన్ఫిగ్ ఫైలు తెరవాలని తోచలేదు.

మాడ్యూల్ వరుసలో డాలరు గుర్తు వేసి, ఫ్లవర్ బ్రాకెట్లలో హోస్ట్-పోర్ట్ అని ఉండాలి. అది మాక్ చదువుకునే మాట, బూటు సమయంలో అక్కడ అసలు పోర్టు నంబరు వేస్తుంది. నా ఫైల్లో అక్కడ ఉత్త ‘పోర్ట్’ అని ఉంది. డివైస్-పోర్ట్ చోట కూడా ‘పోర్ట్’. డిస్క్-టాస్క్ చోట ‘టాస్క్’, ఎగ్జెక్-టాస్క్ చోటా ‘టాస్క్’. షెల్‌లో ఫ్లవర్ బ్రాకెట్ల మధ్య పేరు, హైఫన్, ఇంకో మాట రాస్తే, ఆ పేరుతో వేరియబుల్ లేనప్పుడు హైఫన్ తర్వాతి మాట తీసుకోమని అర్థం. షెల్ తప్పేం చేయలేదు, చెప్పింది చెప్పినట్టు చేసింది. డిస్కు పేరు రావాల్సిన రూట్ అనే మాట సంగతి ఇంకా ఘోరం. పని డైరెక్టరీకి నేను పెట్టుకున్న వేరియబుల్ పేరు కూడా రూటే. డిస్కు ఏదని అడిగితే మాక్‌కు నా ఇంటి అడ్రసు చెప్పాను.

మోసపోయింది ఎక్కడంటే, ఆ మాటల చుట్టూ సింగిల్ కొటేషన్లు ఉన్నాయి కదా అని ధైర్యంగా ఉన్నాను. హియర్-డాక్ లోపలి కొటేషన్లను షెల్ లెక్కచేయదు, అవి గ్రబ్ కోసం. షెల్ చూసేది మొదట్లో ఉండే ఈఓఎఫ్ అనే హద్దు మాటకు కొటేషన్ ఉందా లేదా అనే. తప్పొస్తే ఆగిపోవాలని స్క్రిప్టు పైన సెట్ ఈ (కమాండు ఫెయిలైతే ఆగు), సెట్ యూ (లేని వేరియబుల్ వాడితే ఆగు) రెండూ పెట్టుకున్నా, అవీ కాపాడలేదు. హైఫన్ ఉంటే యూకు అభ్యంతరం లేదు. టాస్క్-క్రియేట్ అనేదాన్ని షెల్ కమాండుగా నడపబోయి ‘కమాండ్ నాట్ ఫౌండ్’ అంది కానీ, ఫైలు రాసే క్యాట్ కమాండు మాత్రం సక్సెస్ అని ముగించింది కాబట్టి ఈ కూడా ఊరుకుంది. ఆ మొర నాలుగు వేల లైన్ల లాగులో ఎక్కడో కొట్టుకుపోయింది.

ఇప్పుడు కాన్ఫిగ్ విడిగా టెంప్లేటు ఫైలు. నేను మార్చాల్సిన చోట్ల అటూ ఇటూ ఎట్ గుర్తు పెట్టిన పేర్లు, వాటిని సెడ్ మారుస్తుంది. తయారైన ఫైల్లో హోస్ట్-పోర్ట్ మాట బ్రాకెట్లతో సహా ఉందో లేదో గ్రెప్ చూస్తుంది, లేకపోతే ఇమేజీ కట్టనే కట్టదు. కెర్నల్‌ను కూడా గ్రబ్-ఫైల్‌తో పరీక్షిస్తున్నా. మల్టీబూట్ హెడరు (గ్రబ్ కెర్నల్‌ను గుర్తుపట్టే ముద్ర) మొదటి 8192 బైట్లలోపు ఉండాలి, లింకర్ స్క్రిప్టు కదిలిస్తే జరిగిపోయే ప్రమాదం ఉంది.

చివర బూటు పరీక్ష. మాక్‌కు కన్సోల్ కామ్0 (మొదటి సీరియల్ పోర్టు) అని చెప్పి, సీరియల్ ఔట్‌పుట్ ఫైల్లోకి మళ్లించి, లాగిన్ అనే మాట కోసం 90 సెకన్లు చూస్తుంది. క్యూఎముకు నో-రీబూట్ పెట్టండి, లేకపోతే కెర్నల్ పడి లేచి పడి లేచి లాగంతా నింపేస్తుంది. రెండు ఇమేజీలూ పాసయ్యాయి.

నిన్న ప్రొద్దుటూరు మిత్రుడు రాత్రి బిల్డు ఎక్కించి పడుకున్నాడు. పొద్దున ఫోను. “అంతా అయినాక ఆఖర్న ఎమ్‌ఫార్మాట్ ఫెయిల్ అంటాంది, ఏందప్పా ఇది?” గ్రబ్ ఐఎస్ఓ తీయడానికి ఎమ్‌ఫార్మాట్ ఉండే ఎమ్‌టూల్స్ ప్యాకేజీ కావాలి, అతని దగ్గర లేదు. మూడు గంటలయ్యాక చెప్పాల్సిన మాట కాదది. కావాల్సినవన్నీ ముందే చూసుకునే చెకింగు మొదటి మెట్టులో పెట్టి పంపాను. అంతలో అతను దాదాపు అయిపోయిన బిల్డు డైరెక్టరీ మొత్తం చెరిపేశాడట. మళ్లీ మొదటి నుంచి ఎక్కించాడు. మధ్యాహ్నం రెండు నుంచి వాళ్ల వీధిలో కరెంటు కోత, ఆలోపు జీలిబ్‌సీ దాటితే చాలన్నాడు.