కనకాంబరం ఏ నంబరు?

పొద్దున్నంతా కనకాంబరం రంగు వెతకడంతోనే సరిపోయింది. పండగ కుర్తీలకి అదే కావాలని మేడమ్ పట్టు. కేఆర్ మార్కెట్‌లో తీసిన పూల ఫొటోలోంచి రంగు లాగితే రేకకొకటి వస్తోంది. నీడలో ఇటుక, ఎండలో నారింజ. మధ్యరకం ఒకటి పట్టుకుని, దీనికి దగ్గరి పాంటోన్ నంబరు ఏదని సాఫ్ట్‌వేర్‌ని అడిగా. పాంటోన్ అంటే ఒక్కో రంగుకీ ఒక్కో నంబరిచ్చిన కంపెనీ. టక్కున 17-1463 అంది. టాంజరీన్ టాంగో, 2012లో ‘ఈ ఏటి రంగు’ అన్నారే, అది. గుడ్డ మీద రంగుల నమూనాలుండే వాళ్ల టీసీఎక్స్ పుస్తకంలో ఆ నూలుగుడ్డ ముక్క చూస్తే మరీ ఘాటు. 2019 నాటి లివింగ్ కోరల్, 16-1546, చూస్తే గులాబీ వైపు పోతోంది.

నంబరు చదవడం వస్తే వెతుకులాట కాస్త తగ్గుతుంది. మొదటి రెండంకెలు లేతా ముదురూ చెప్తాయి: 11 బాగా లేత, 19 బాగా ముదురు. తర్వాతి రెండూ ఏ రంగు వైపో, చివరి రెండూ ఎంత గాఢమో. అంటే నాక్కావలసింది మధ్యలో 14, 15 ఉండి, గాఢత యాభై చుట్టుపక్కల ఉన్న ముక్క. దొరికింది.

కొత్తగా చేరిన పిల్లకి అది నచ్చలేదు. “స్క్రీన్ మీద మెరుస్తోంది కదక్కా, ఇది చప్పగా ఉంది” అంది. స్క్రీన్ తనే వెలుగు చిమ్ముతుంది, గుడ్డ పడ్డ వెలుగులో కొంత మింగేసి మిగతాదే తిప్పికొడుతుంది, ఆ మెరుపు అద్దకంలో రాదమ్మా అన్నాను. నమ్మినట్టు లేదు.

మధ్యాహ్నం తిరుప్పూర్ నుంచి చిలకాకుపచ్చ ల్యాబ్ డిప్‌లు, అంటే అద్దకం వాళ్లు ముందుగా అద్ది పంపే నమూనా ముక్కలు, వచ్చాయి. రకరకాల వెలుగుల్లో రంగు చూసే లైట్ బాక్స్‌లో డి65 కింద, అంటే పగటి వెలుగులో, ‘బి’ ముక్క అచ్చుగుద్దినట్టుంది. రంగు కొలిచే స్పెక్ట్రోలో డెల్టా ఈ, అంటే రెండు రంగుల మధ్య తేడా, 1 లోపే. టీఎల్84 నొక్కగానే పసుపు తిరిగింది. అది షాపుల్లో ట్యూబులైటు వెలుగు. వేరే డైలు కలిపి అదే రంగు తెప్పిస్తే వచ్చే తంటా ఇది, మెటామెరిజం అంటారు. మా అమ్మకి ఆ పేరు తెలీదు గానీ, తెనాలి మ్యాచింగ్ సెంటర్‌లో జాకెట్టు ముక్క ఏరోజూ లోపలి లైట్ల కింద ఖాయం చెయ్యలేదు. చీరతో సహా రోడ్డు మీదికి పట్టుకెళ్లాల్సిందే. ‘బి’ని తిప్పి పంపేశా.

సాయంత్రం కనకాంబరం ముక్క మేడమ్‌కి చూపించాను. కిటికీ దగ్గర తిప్పి తిప్పి చూసి, “ఇది ఢిల్లీ కనకాంబరం. మా కడపవైపు పువ్వు ఇంకాస్త పసుపు” అన్నారు. మళ్లీ పుస్తకం తెరిచాం.