మెదక్ గుడిలో పక్కన కూర్చున్న అవ్వ

అమ్మ చనిపోయిన అక్టోబరు నుంచి నాకు ప్రార్థన రాలేదు. చెయ్యడం మానేశానని కాదు. రోజూ మోకరించేదాన్ని, కళ్లు మూసుకునేదాన్ని, "ప్రభువా" అనేదాన్ని, ఆ తర్వాత మాట ఉండేది కాదు. కాసేపు అలాగే ఉండి లేచి వెళ్లి పప్పు కుక్కర్లో పెట్టుకునేదాన్ని.

మాది గుంటూరు. 1842లో లూథరన్ మిషనరీ హయ్యర్ దొర వచ్చి దిగిన ఊరు, మా ఇంట్లో నాలుగు తరాలుగా లూథరన్ గుడే. కుటుంబ ప్రార్థన అవ్వకుండా రాత్రి కంచం ముందు కూర్చోనిచ్చేది కాదు అమ్మ. అలాంటి ఇంట్లో పుట్టి పెరిగిన దాన్ని, నలభై దాటాక ప్రార్థన రావడం లేదని ఎవరితో చెప్పుకుంటాను? పెళ్లయ్యాక కూకట్‌పల్లిలో ఉంటున్నాం, ఇక్కడి సంఘంలో సండే స్కూల్ పిల్లలకు వాక్యం చెప్పేది నేనే. ఆ పిల్లల ముందు నిలబడి చెబుతున్నప్పుడు కూడా లోపల ఖాళీగా ఉండేది, అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

అమ్మకి రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్. ఇరవై ఒక్క రోజులు ఉపవాస ప్రార్థన చేశాం, ఇంటికి వచ్చినవాళ్లంతా తల మీద చెయ్యి పెట్టి స్వస్థత కోసం ప్రార్థించారు. పోయింది. భూస్థాపన అయిన మూడో రోజు ఒకావిడ ఇంటికొచ్చి, మీ విశ్వాసం ఎక్కడో తగ్గి ఉంటుందమ్మా అంది. ఆవిడ మీద నాకిప్పుడు కోపం లేదు, కానీ ఆ మాట మాత్రం గొంతులో ముల్లులా ఉండిపోయింది, ఎప్పుడు మోకరించినా అదే ముందు గుర్తొచ్చేది.

జనవరిలో ఉజ్జీవ సభలకు వెళ్లాను. మూడు రాత్రులూ ఏడ్చాను, చేతులెత్తాను, మనసు తేలికైంది, ఇంక బాగుపడ్డాననుకున్నాను. నాలుగో రోజుకి మళ్లీ అదే. ఆ సభల్ని తక్కువ చేసి మాట్లాడటం లేదు, అక్కడ బతుకు మారినవాళ్లని నేను ఎరుగుదును. నాకు కావలసింది మాత్రం ఇంకో రకం. పొంగు వచ్చి పోయేది కాదు, రోజూ కాలు పెట్టి నిలబడగలిగే నేల.

ఈస్టర్‌కి ముందు వచ్చే శ్రమల దినాలు మొదలయ్యాక మా ఆయనే అన్నారు, "ఒక్కదానివే ఎక్కడికైనా వెళ్లి రా, పిల్లల్ని నేను చూసుకుంటాను" అని. నాకు మెదక్ చర్చి తట్టింది. హైదరాబాద్‌లో పదిహేనేళ్లుగా ఉండి కూడా ఒక్కసారీ వెళ్లలేదు. క్రిస్మస్‌కి, గుడ్ ఫ్రైడేకి అక్కడ కాలు పెట్టే సందు ఉండదంటారు, అందుకని ఈస్టర్‌కి ముందొచ్చే మట్టల ఆదివారానికి ఇంకో వారం ముందు పెట్టుకున్నాను, శనివారం వెళ్లి ఆదివారం ఆరాధన చూసుకుని రావాలని.

బాలానగర్‌లో మెదక్ బస్సు ఎక్కాను. నర్సాపూర్ దాకా ఏమీ గుర్తులేదు, ఫోన్ చూస్తూ కూర్చున్నాను. నర్సాపూర్ అడవిలో మోదుగులు పూసి ఉన్నాయి, ఆకు లేకుండా కొమ్మంతా ఎర్రగా. రోడ్డు పక్కన కోతులు. అమ్మ ఉంటే "చూడవే, చూడవే" అని భుజం తట్టేది. అప్పుడు మాత్రం కళ్లలో నీళ్లు తిరిగాయి.

మెదక్‌లో గుడిని వెతుక్కోనక్కర్లేదు. 175 అడుగుల గోపురం, ఊళ్లోకి వస్తుంటేనే కనబడుతుంది. దగ్గరికి వెళ్లాక తల బాగా వెనక్కి వంచితే గానీ పైనున్న సిలువ కనిపించలేదు. ఈ గుడి కట్టించింది చార్లెస్ వాకర్ పోస్నెట్ అనే వెస్లియన్ మిషనరీ. 1914లో పని మొదలై పదేళ్లు సాగింది, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ చేశారు. అవి కరువు రోజులు. తిండి లేని జనానికి పని చూపించి కూలీ, తిండీ ఇవ్వడం ఈ కట్టడంలో ఒక ఉద్దేశం. వందేళ్లు దాటిన ఆ రాళ్ల మీద చెయ్యి పెడితే ఎండకి చురుక్కుమంది.

లోపల కింద రంగురంగుల పలకలు, పైన ఎత్తైన కమాన్లు, మూడు పెద్ద రంగు అద్దాల కిటికీలు. ఆల్టర్, అంటే బలిపీఠం, వెనక ప్రభువు పరలోకానికి వెళ్లిన ఆరోహణం, ఇరుపక్కలా ఒకదాంట్లో జననం, ఒకదాంట్లో సిలువ. మూడూ ఒకేసారి వచ్చినవి కావు. ఆరోహణం 1927లో, జననం 1947లో, సిలువ కిటికీ 1958లో పెట్టారు. అంటే గుడి ప్రతిష్ఠ అయ్యాక ముప్పై నాలుగేళ్లు సిలువ కిటికీ లేకుండానే ఇక్కడ ఆరాధన జరిగింది. ఎందుకో ఆ లెక్క దగ్గర నా మనసు చాలాసేపు ఆగిపోయింది.

శనివారం కాబట్టి చూడ్డానికి వచ్చినవాళ్లు చాలామందే ఉన్నారు. బొట్టు పెట్టుకున్నవాళ్లు, బురఖా వేసుకున్నవాళ్లు, చంకలో పిల్లల్ని ఎత్తుకుని వచ్చినవాళ్లు, అందరూ చెప్పులు బయట విడిచి నెమ్మదిగా నడుస్తున్నారు. నేను ఒక పక్కన మూడు గంటలు కూర్చున్నాను. బైబిల్లో పదమూడో కీర్తన తీశాను, దావీదు ఇంకా ఎన్నాళ్లు, ఎన్నాళ్లు అని దేవుణ్ణి మళ్లీ మళ్లీ అడిగే కీర్తన. చదివాను. కళ్లు మూసుకున్నాను. ఏమీ రాలేదు. పొద్దు వాలేకొద్దీ కిటికీల్లో రంగులు ఒక్కొక్కటే తగ్గిపోయాయి, ముందు ఎరుపు, ఆఖర్న నీలం, చివరికి అద్దం నల్లగా మిగిలింది. లాడ్జికి వెళ్లి, ఇంత దూరం వచ్చింది ఇందుకా అనుకుంటూ పడుకున్నాను. పొద్దున్నే మొదటి బస్సుకి వెళ్లిపోదామని కూడా అనిపించింది.

వెళ్లలేదు. ఆదివారం ఆరాధనకి ముందే వెళ్లి వెనక వరసలో కూర్చున్నాను. ఆల్టర్ మీద శ్రమల దినాల ఊదారంగు వస్త్రం. కాసేపటికి ఒక అవ్వ వచ్చి నా పక్కన కూర్చుంది. తెల్ల చీర, మెడలో నల్లదారానికి చిన్న సిలువ. సంచిలోంచి పాటల పుస్తకం తీసింది, ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు. పాత క్యాలెండర్ కాగితంతో అట్ట వేసి, వీపు దగ్గర సూదీదారంతో కుట్టుకుంది. మూలలు వేళ్లకి అరిగి గుండ్రంగా అయిపోయాయి. మధ్యలో నాలుగు మడతలు పెట్టిన పది రూపాయల నోటు, కానుకకి.

పాట నంబరు చెప్పారు. అవ్వ పేజీలు తిప్పి తిప్పి నా మోచెయ్యి పట్టుకుంది.

"బిడ్డా, అద్దాలు పలిగినయ్. ఏడుందో జర తీసియ్యి."

తీసిచ్చాను. పుస్తకం నా చేతిలోనే ఉంచింది.

"నువ్వు ముందుగాల లైను చెప్పు, నేను ఎన్కనుంచి పాడ్త. పెద్దగ చెప్పు, చెవులు గూడ సరిగ వినస్తలేవ్."

పాడే మూడ్ కాదు నాది. కానీ కాదనడం ఎలా? ఆవిడ చెవి దగ్గర నోరు పెట్టి ఒక్కో లైనూ ముందుగా చదవడం మొదలుపెట్టాను. నేను చదవడం, ఆవిడ వణికే గొంతుతో పాడటం. మెల్లగా చదివితే తల అడ్డంగా ఊపేది, గట్టిగా చెప్పమని. అలా అయిదు చరణాలు. ఆ పాటలో ఏముందో నేను ఆలోచించలేదు, లైను తప్పకూడదు, ఆవిడ వెనకబడకూడదు, అంతే చూసుకున్నాను. అక్టోబరు తర్వాత దేవుని మాటలు నా నోటి నుంచి అంత గట్టిగా రావడం అదే మొదలని పాట అయ్యాక గానీ నాకు తెలియలేదు.

తర్వాత పాపపు ఒప్పుకోలు, విశ్వాస ప్రమాణం, ప్రభువు నేర్పిన ప్రార్థన. వాటికి అవ్వకి పుస్తకం అక్కర్లేదు. ప్రభువు ప్రార్థన దగ్గర నాకు గుండె దడ మొదలైంది. ఇన్ని నెలలుగా నేను ఆగిపోతున్నది సరిగ్గా అక్కడే, "నీ చిత్తము" నెరవేరాలి అన్న మాట దగ్గర. ఆ మాట అంటే అమ్మని తీసుకెళ్లడం సరే అని సంతకం పెట్టినట్టు అనిపించేది. ఒంటరిగా ఉన్నప్పుడు అక్కడికొచ్చి ఆపేసేదాన్ని. ఇక్కడ ఆగడానికి లేదు. ముందు, వెనక, పక్కన ఇన్ని గొంతులు ఒకే నడకలో ఆ మాట అనేసి తర్వాతి మాటకి వెళ్లిపోతున్నాయి, అవ్వ చెయ్యి నా మోకాలి మీద ఉంది, నేనూ అనేశాను. ఒప్పుకున్నానో లేదో ఇప్పటికీ చెప్పలేను. ఆ రోజు ఆ మాట నా చేత సంఘం అనిపించింది. తర్వాత అనుదినాహారం దగ్గరికి వచ్చేసరికి ఏడుస్తూనే అన్నాను.

ఇంతకాలం విశ్వాసం అంటే నా ఒక్కదాని లోపల ఉండే సరుకు అనుకున్నాను. ఉందా, తగ్గిందా, ఎవరైనా వచ్చి తూకం వేసి చూస్తే ఎంత ఉంటుందో అని టెన్షన్. నాకు మాట లేని రోజున పక్కవాళ్ల మాట నా మాటగా లెక్కకొస్తుందని నలభై ఏళ్లుగా గుడికి వెళ్తూ కూడా నేను నేర్చుకోలేదు.

బయటికొచ్చాక చెట్టు నీడలో అవ్వ కాళ్లు చాపుకుని కూర్చుంది. ఎక్కడి నుంచి వచ్చావు, ఎందుకొచ్చావు అని అడిగింది. చెప్పాను, అమ్మ సంగతి, ప్రార్థన రాని సంగతి, ఆ వచ్చినావిడ అన్న మాట, అన్నీ. అవ్వ ఆశ్చర్యపోలేదు.

"మా పెద్దోడు సచ్చిపోయినప్పుడు నాకు ఆర్నెల్లు పాట రాలే. గుడికైతే వచ్చిన. కూసున్న. పక్కపొంటోళ్లు పాడిన్రు" అంది.

అంతే, సలహా ఏమీ చెప్పలేదు. కాసేపాగి గోపురం వైపు చూపిస్తూ, వాళ్ల అయ్య పోరగాడప్పుడు ఈ గుడికి రాళ్లు మోశాడని చెప్పింది. పొద్దంతా మోస్తే ఇంటిల్లిపాదికీ ఆ పూట గడిచేదట. "కడుపు కోసం మోసిండు బిడ్డా. దేవుడు ఎన్కనుంచి తెలిసిండు." నా పర్సులో ఉన్న రెండు బిస్కెట్ ప్యాకెట్లు ఇస్తే ఒకటి తీసుకుని ఒకటి నా చేతిలోనే పెట్టింది, బస్సులో తినమని.

ఇంటికొచ్చి మూడు వారాలైంది. రాత్రి పిల్లలు పడుకునే ముందు నలుగురం కూర్చుంటున్నాం, అమ్మ బైబిల్ తీసి ఒక కీర్తన, తర్వాత ప్రభువు ప్రార్థన, పది నిమిషాలు. సొంత మాటలు ఇంకా అంతగా రావడం లేదు. కొన్ని రోజులు "నీ చిత్తము" దగ్గర నా గొంతు ఆగుతుంది, చిన్నది మాత్రం ఆగకుండా గబగబా చెప్పుకుంటూ పోతుంది, నేను తర్వాతి మాటకి దాన్ని అందుకుంటాను. సండే స్కూల్ మానేద్దామనుకున్న దాన్ని, మానలేదు.

వెళ్లొస్తానన్నప్పుడు అవ్వ, "మల్ల వస్తవా?" అని అడిగింది. వచ్చే నెల మొదటి ఆదివారం వెళ్తున్నాను, ఈసారి మా ఆయన, పిల్లలతో. పెద్ద అక్షరాల పాటల పుస్తకం ఒకటి కొని, క్యాలెండర్ కాగితంతో అట్ట వేసి పెట్టాను.