మా మేనకోడలి స్పానిష్ మీడియం

మా తమ్ముడి కూతురు అమెరికాలో గవర్నమెంటు బళ్ళో స్పానిష్ మీడియం చదువుతోందంటే మా ఊళ్ళో ఒక్కరూ నమ్మట్లేదు. "అంత దూరం వెళ్ళి ఇంగ్లీషు మానేసి ఇంకోటి చదివిస్తారేంటండీ ఎవరైనా" అని మా అమ్మతో సహా అందరిదీ ఒకటే మాట. నేను కోనసీమలో ప్రైమరీ స్కూల్లో ఎస్జీటీని, అంటే సెకండరీ గ్రేడ్ టీచర్ని, మీడియం గొడవ నాకు రోజూ ఉండే తలనొప్పే కాబట్టి తమ్ముణ్ణీ మరదల్నీ ఫోన్లో కూర్చోబెట్టి వివరంగా అడిగా, తర్వాత నేనూ కాస్త చదివా.

వాళ్ళుండేది కాలిఫోర్నియాలో. పైసా ఫీజు లేదు, మామూలు పబ్లిక్ స్కూలే, కానీ ఈ ఇమ్మర్షన్ క్లాసులో, అంటే పాఠాలన్నీ కొత్త భాషలోనే చెప్పి పిల్లల్ని అందులో ముంచేసే క్లాసులో, సీటు కావాలంటే లాటరీ. సర్కారు బడి సీటుకి లాటరీ అంట! పొద్దున్నే కాన్వెంటు వ్యాను మా బడి గేటు ముందే పిల్లల్ని ఎక్కించుకుపోతుంటే చూస్తూ నిలబడేదాన్ని, ఆ మాట వింటే నాకు ఎలా ఉంటుందో మీరే చెప్పండి. క్లాసులో దాదాపు సగం మంది ఇంట్లో స్పానిష్ మాట్లాడే పిల్లలు, మిగతా సగం ఇంగ్లీషు వాళ్ళు, వాళ్ళల్లోనే మావాళ్ళ లాంటి వాళ్ళు ఒకరిద్దరు. కిండర్‌గార్టెన్‌లో రోజులో 90 శాతం స్పానిష్, పై క్లాసులకి వెళ్ళేకొద్దీ ఇంగ్లీషు పెంచుకుంటూ ఐదో క్లాసుకి సగం సగం. మొదట్నుంచీ 50-50 నడిపే బళ్ళు కూడా ఉన్నాయట.

టీచరమ్మకి ఇంగ్లీషు శుభ్రంగా వచ్చు. పిల్ల ఇంగ్లీషులో ఏదన్నా అడిగితే అర్థం చేసుకుంటుంది, జవాబు మాత్రం స్పానిష్‌లోనే, చేతులు తిప్పుతూ, బోర్డు మీద బొమ్మ గీస్తూ, అవసరమైతే నటించి చూపిస్తూ. లెక్కలు, సైన్సు అన్నీ అంతే. మొన్న వీడియో కాల్లో మా మేనకోడలు హోంవర్కు చేస్తూ పదిహేనులోంచి ఏడు తీసేస్తోంది, పెదాలు కదుపుతూ "కించె మెనోస్ సియెతె" అని గొణుక్కుని "ఓచో" అని ఎనిమిది రాసేసింది. లెక్క స్పానిష్‌లో, పక్కనున్న వాళ్ళమ్మ మీద విసుగు ఇంగ్లీషులో, "అత్తా, నాయనమ్మ ఏది" అని నాతో తెలుగులో. మా తమ్ముడికి స్పానిష్ అక్షరం ముక్క రాదు, హోంవర్కులో సాయం చెయ్యలేనని మొదట్లో భయపడ్డాడు. బడివాళ్ళేమో ఇంట్లో మీ భాషలోనే మాట్లాడండి, కథలు చెప్పండి, అదే మాకు సాయం అన్నారట. ఆ ముక్క నాకు బాగా నచ్చింది.

ఇది నిన్న మొన్నటిది కూడా కాదు. 1963లో మయామీలో కోరల్ వే అనే స్కూల్లో క్యూబా నుంచి వచ్చిన పిల్లల్నీ అక్కడి పిల్లల్నీ కలిపి రెండు భాషల్లో చెప్పడం మొదలెట్టారు. 1965లో కెనడాలో మాంట్రియల్ పక్కన సెయింట్ లాంబర్ట్‌లో ఇంగ్లీషు తల్లిదండ్రులు పట్టుబట్టి తమ పిల్లలకి ఫ్రెంచి క్లాసు పెట్టించుకున్నారు, అది చూసి 1971లో కాలిఫోర్నియాలోని కల్వర్ సిటీలో స్పానిష్ పెట్టారు. ఈ పిల్లలకి మొదటి రెండు మూడేళ్ళు ఇంగ్లీషు చదవడం కొంచెం వెనకపడుతుంది, తర్వాత అందుకుంటారు. కొత్త భాష వింటే దాదాపు అంతా తెలుస్తుంది కానీ మాట్లాడ్డంలో, రాయడంలో తప్పులు చాలాకాలం ఉంటాయని కెనడా వాళ్ళ పరిశోధనల్లోనే తేలింది, అంటే మంత్రమేం కాదు.

ఇంకో తమాషా ఉంది. అదే కాలిఫోర్నియాలో 1998లో ఓటింగు పెట్టి, ఇంట్లో స్పానిష్ మాట్లాడే పేద పిల్లలకి వాళ్ళ భాషలో చెప్పడాన్ని బాగా కట్టడి చేశారు, మళ్ళీ 2016లో ఓటింగు పెట్టి ఎత్తేశారు. ఇంగ్లీషు పిల్ల స్పానిష్ నేర్చుకుంటే తెలివి, స్పానిష్ పిల్ల స్పానిష్‌లో చదివితే వెనకబాటు! మనకి కొత్తేం కాదులెండి, తెలుగు విషయంలో రోజూ చూస్తున్నదే.

ఇక మా బడి. 2019లో ఆంధ్రప్రదేశ్ సర్కారు బళ్ళకి ఇంగ్లీషు మీడియం జీవో వచ్చింది, 2020లో హైకోర్టు కొట్టేసింది, ప్రభుత్వం సుప్రీంకోర్టుకి వెళ్ళింది, ఇవన్నీ మీకు తెలిసినవే. మాకు మాత్రం ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఉన్న పుస్తకాలొచ్చాయి. మూడో క్లాసు పిల్లాడొకడు "ప్లాంట్స్ అబ్జార్బ్ వాటర్ త్రూ రూట్స్" అని గడగడా చదివాడు. రూట్ అంటే ఏంట్రా అంటే తల దించేశాడు. వేరురా అన్నాను, అంతే, "నారు పీకేటప్పుడు వేరు తెగితే మొక్క పసుపెక్కుద్దండి, మళ్ళీ తేరుకోడానికి టైం పడుద్దండి, మా నాన్న అందుకే తడి పెట్టి పీకిస్తాడండి" అని మొదలెట్టాడు, ఆపితే ఆగడు. వాడికి సైన్సు రాదని పరీక్ష పేపరు చెప్తుంది.

నేను ఇంగ్లీషు మీడియానికి వ్యతిరేకం కాదు, చెరువుల మీద పనికెళ్ళే తల్లి కూడా పిల్లకి ఇంగ్లీషు రావాలనే కోరుకుంటుంది, ఆవిడ కోరిక న్యాయమే. నా బాధల్లా ఒకటే, మా మేనకోడలి బళ్ళో ఆ భాషలో పుట్టి పెరిగినంత ధాటిగా మాట్లాడే టీచర్ని పెట్టారు, ఐదారేళ్ళు ఓపిక పట్టారు, ఇంటి భాష చిన్నదని ఎవరూ అనలేదు. ఇక్కడ మాకు పుస్తకాలు మార్చి నాలుగు రోజులు ట్రైనింగిచ్చి పొమ్మన్నారు. పాఠం ఇంగ్లీషులో చదివి తెలుగులో చెప్పి జవాబులు బట్టీ పట్టించడం, మేమందరం చేసేది ఇదే. పైగా అక్కడ బళ్ళో ఇంగ్లీషు తగ్గినా వీధి నిండా ఇంగ్లీషే, పోయేదేం లేదు. మా పిల్లలకి తెలుగు నోటిమీద ఉంటుంది కానీ రాత బళ్ళోనే రావాలి, ఇంకెక్కడా రాదు.

అందుకని ఈమధ్య వారంలో ఒక లెక్కల పీరియడ్ మొత్తం ఇంగ్లీషులోనే, అనువాదం లేకుండా చెప్తున్నా. కొబ్బరి పిందెలు ఏరుకొచ్చి బల్ల మీద పోసి, తీసి చూపిస్తూ, "టేక్ అవే ఫైవ్, హౌ మెనీ లెఫ్ట్" అంటూ, నేనే కొంచెం కోతిలా గెంతుతూ. నాకు రాని వాక్యాలు ముందురోజు రాత్రి రాసుకుంటా. పిల్లలు నవ్వుతారు, మధ్యలో వాళ్ళే "సిక్స్ లెఫ్ట్ టీచర్" అంటారు. హెచ్ఎం గారు కిటికీలోంచి చూసి "బానే ఉందమ్మా, ఇలాగైతే సిలబస్ ఎప్పటికవుద్ది" అన్నారు. ఆయనదీ తప్పు కాదు, ఎఫ్ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) పరీక్ష పేపరు పైనుంచి వస్తుంది, మా పిందెల కోసం ఆగదు. కాబట్టి ప్రస్తుతానికి వారానికి ఆ ఒక్క పీరియడే, మిగతాదంతా మళ్ళీ బట్టీయే.