షుగర్ నార్మల్, అయినా టెన్షనే

"షుగర్ నార్మలే కదక్కా, మరి ఇదెందుకు తక్కువ?" ఒంగోలు కర్నూలు రోడ్డులో ల్యాబ్ మెట్లు దిగుతూనే చెల్లి రిపోర్టు నా చేతిలో పెట్టింది. పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో నెలసరి తప్పడం, గడ్డం మీద వెంట్రుకలు రావడం లాంటి సమస్య) ఉందని డాక్టరమ్మ రాసిన టెస్టు. ఎస్‌హెచ్‌బీజీ (సెక్స్ హార్మోన్ బైండింగ్ గ్లోబ్యులిన్) అన్న వరస పక్కన నల్లగా, లావుగా 'ఎల్' అక్షరం, అంటే తక్కువని.

లివర్ తయారుచేసే ప్రొటీన్ అది. రక్తంలో టెస్టోస్టెరాన్, ఈస్ట్రోజెన్‌లను పట్టి ఉంచుతుంది. ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువైనా (పీసీఓఎస్ ఉన్న చాలామందికి అదే జరుగుతుంది), లివర్‌కి కొవ్వు పట్టినా ఇది తగ్గుతుంది, అందుకే షుగర్ ఇంకా నార్మల్‌గా ఉన్నప్పుడే ఇది పడిపోయి కనిపించొచ్చు. ఇది తక్కువున్న ఆడవాళ్లకి తర్వాత టైప్ 2 డయాబెటిస్ వచ్చే అవకాశం ఎక్కువని 2009లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది, అది నెలసరి ఆగిన ఆడవాళ్ల మీద చేసిన అధ్యయనం. అలాగని చెల్లికి షుగర్ వచ్చేస్తుందని కాదు, ఈ ఒక్క నంబరుతో ఎవరూ తేల్చరు.

నాకు కోపమొచ్చేది వేరే. మా వైపు అమ్మాయికి నెలసరి తప్పినా, గడ్డం మీద వెంట్రుకలొచ్చినా ఇంటిల్లిపాదీ పెళ్లి గురించే బెంగపడతారు. షుగర్ ఊసే ఎత్తరు, అమ్మకి షుగరున్న ఇళ్లల్లో కూడా!

పీసీఓఎస్ ఉన్న పిల్ల మీ ఇంట్లో ఉంటే ఈసారి డాక్టర్‌ని షుగర్ టెస్టు గురించి కూడా అడగండబ్బా.